సింగపూర్‌కి మళ్లీ వెళ్తున్నారా? అయితే ఈసారి ఇలా తిరగండి

మా బెజవాడకి చుట్టాలొస్తే దుర్గగుడి, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం చూపించి రైలెక్కించేస్తాం. సత్యనారాయణపురంలో పొద్దున్నే ఇడ్లీ ఎక్కడ బాగుంటుందో వాళ్లకి తెలియనే తెలియదు. సింగపూర్‌ని రెండుసార్లు నేనూ అలా చుట్టపుచూపుగానే చూశాను. 2008లో మెర్‌లయన్ (సింహం తల, చేప ఒళ్లూ ఉన్న బొమ్మ) దగ్గర దిగిన ఫొటోలో నీళ్లకి అవతల క్రేన్లు. 2014 ఫొటోలో ఆ క్రేన్లున్న చోట మెరీనా బే శాండ్స్ హోటలు. రెండిట్లోనూ సింహం నోట్లోంచి పడే నీళ్లు దోసిట్లో పడుతున్నట్టు అదే పోజు నాది!

పోయినేడు మా అబ్బాయి దగ్గర పన్నెండు రోజులున్నాం. ఈసారి జాబితా రాసుకోలేదు. మీరూ రాసుకోకండి. ఒక్క పేట పట్టుకుని, మూడు నాలుగు పొద్దుటిపూటలు అక్కడికే వెళ్లండి.

నేను పట్టుకున్నది సెరంగూన్ రోడ్డు. లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్లో దిగకుండా, ఒక స్టేషను అవతల ఫారర్ పార్క్‌లో దిగండి. శ్రీనివాస పెరుమాళ్ గుడిలో దణ్ణం పెట్టుకుని, తీరిగ్గా టెక్కా మార్కెట్ దాకా నడవండి. మొదటిరోజు కూరగాయలే కనిపిస్తాయి. రెండోరోజుకి కరివేపాకు, మునక్కాయలు ఏ కొట్లో తాజాగా ఉన్నాయో కనిపెట్టేస్తారు.

అక్కడి కాఫీ భాష నేర్చుకుని తీరాలి. ఉత్త ‘కోపి’ అంటే తియ్యటి కండెన్స్‌డ్ మిల్కు పోసిస్తారు. ‘కోపి ఓ’ అంటే పాలుండవు, పంచదార ఉంటుంది. ‘సి’ అంటే డబ్బాల్లో వచ్చే తీపిలేని చిక్కటి పాలు. ‘కోసొంగ్’ అంటే పంచదార వద్దని. నాకు షుగరుంది కాబట్టి ‘కోపి సి కోసొంగ్’. పొడవాటి గుడ్డ సంచీలోంచి వడగట్టి ఇస్తారు. గింజల్ని పంచదార, మార్జరిన్ వేసి వేయిస్తారు కాబట్టి మాడు వాసనొస్తుంది. మన ఫిల్టరు కాఫీతో పోల్చకండి, రెండూ పాడవుతాయి.

కాఫీ పట్టుకుని ఖాళీ బల్ల కనిపించగానే కూర్చోకండి. నేను కూర్చున్నాను. బల్ల మీద టిష్యూ ప్యాకెట్టుంటే ఎవరో మర్చిపోయారనుకుని ఒకటి తీసి మూతి కూడా తుడుచుకున్నాను. ఇంతలో ట్రేతో ఒక పెద్దావిడ వచ్చి నన్నూ, ప్యాకెట్టునూ మార్చి మార్చి చూసింది. అది ఆవిడ సీటుకి వేసుకున్న తువ్వాలని అప్పుడు అర్థమైంది, మన బస్సుల్లో వేసుకున్నట్టు! దాన్ని ‘చోప్’ చెయ్యడం అంటారు. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి. 2021 నుంచి అది రూలు.

మధ్యాహ్నం డబుల్ డెక్కర్ బస్సెక్కి, పైన ముందు సీట్లో కూర్చోండి. దిగేటప్పుడు కూడా ఛార్జీ కట్టే కార్డు తాకించాలి సుమా! మర్చిపోతే ఆ రూటు చివరిదాకా ఛార్జీ పడుతుంది.

వాన పట్టుకుంటే మాల్‌లోకి పరిగెత్తకండి, పక్కనున్న హెచ్‌డీబీ బ్లాకు కిందికి వెళ్లండి. అంటే వాళ్ల హౌసింగ్ బోర్డు ఫ్లాట్లు. ఊళ్లో ఎక్కువమంది ఉండేది వాటిల్లోనే. చాలా బ్లాకులకి కింది అంతస్తు ఖాళీగా వదిలేస్తారు. చీనావాళ్ల చావు కార్యమైనా, మలయ్ పెళ్లయినా అక్కడే. మేం తలదాచుకున్న రోజు పెళ్లి జరుగుతోంది, డప్పులు మోగుతున్నాయి. మా ఆవిడ పెళ్లికూతురి నగలు చూస్తూ, వాన వెలిసినా కదిలితే ఒట్టు.