అంటార్కిటికా వేసవి పనికి వెళ్తున్నారా? ముందు ఆ నేల తీరు తెలుసుకోండి

అంటార్కిటికాలో బయట తిరిగే పనులన్నీ దాదాపు నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే జరుగుతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు జాకెట్టు, బూట్లు, గ్లవ్స్ గురించే టెన్షన్ పడతారు. అవి కావాల్సిందే. కానీ అంతకంటే ముందు అక్కడి నేల ఎలా ఉంటుందో మనసుకు ఎక్కించుకోవాలి.

ఆ ఖండం సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందులో 98 శాతం మంచు కిందే ఉంది. ఆ మంచు సగటు మందం దాదాపు 2 కిలోమీటర్లు. మధ్యలో గుట్టలా పేరుకున్న ఈ మంచు తన బరువుకు తానే మెల్లగా తీరం వైపు జారుతూ ఉంటుంది. కాళ్ల కింద పగుళ్లు రావడానికైనా, గాలి మీదికి విరుచుకుపడటానికైనా, నాలుగడుగులకే ఆయాసం రావడానికైనా మూలం ఈ ఆకారమే.

అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది పగుళ్లకే. వాటిని క్రెవాస్‌లు అంటారు. జారే మంచు కింద ఉన్న రాతి మిట్టను ఎక్కి దిగే చోట, హిమానీనదం మలుపు తిరిగే చోట, వేగంగా కదిలే మంచు నిదానంగా కదిలేదాన్ని రాసుకుంటూ పోయే అంచుల్లో అవి పుడతాయి. నోరు తెరుచుకుని ఉన్న పగులు కనిపిస్తుంది కాబట్టి తప్పుకుంటాం. అసలు ప్రమాదం మూసుకున్నదానితో. గాలి తెచ్చిపోసిన మంచు దాని మీద మూతలా గట్టిపడుతుంది. పైనుంచి చూస్తే మామూలు నేలే. సూర్యుడు కిందికి వాలి ఉన్నప్పుడు గమనిస్తే చుట్టుపక్కల కంటే కాస్త కుంగి, రంగు కొద్దిగా మాసినట్టు పొడుగ్గా ఒక చార కనిపించవచ్చు. అక్కడ ఆగిపోండి. ప్రోబ్ కర్రను, అంటే మంచులో గుచ్చి చూసే పొడవాటి కర్రను, నిటారుగా గుచ్చండి. గట్టి మంచైతే దిగినంత మేరా చేతికి ఒకే రకమైన బిగువు తెలుస్తుంది. ఉన్నట్టుండి బిగువు పోయి కర్ర జారిందంటే కింద ఏమీ లేదన్నమాట. అడుగు వెనక్కి వేసి అటూ ఇటూ గుచ్చుతూ పగులు ఎంత వెడల్పుందో, ఎటు పోతోందో తేల్చుకోండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటండి. పగులు పొడవునా నడిస్తే, ఒకరు పడితే మిగతావాళ్లు ఆపడానికి ఒకే తాడు కట్టుకున్న అందరూ ఒకే మూత మీద ఉంటారు. తాడు వదులుగా వేలాడనివ్వకండి.

ఈ జాగ్రత్తలు ఎందుకో 1912 డిసెంబర్ 14న జరిగినదాన్ని చూస్తే తెలుస్తుంది. అంటార్కిటికా అన్వేషకులు డగ్లస్ మాసన్, జేవియర్ మెర్ట్జ్, నినిస్ ముగ్గురూ స్థావరానికి దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. మెర్ట్జ్ స్కీల మీద ముందు దాటాడు. మాసన్ కుక్కలు లాగే స్లెడ్జి (మంచు బండి) మీద కూర్చుని దాటాడు. వెనకాల నినిస్ తన స్లెడ్జి పక్కన నడిచి వస్తున్నాడు. బరువంతా రెండు పాదాల మీద పడి మూత విరిగింది. మనిషి, మంచి కుక్కలు, గుడారం, తిండిలో ఎక్కువ భాగం అందులోకి పోయాయి. పడితే ముందు వెళ్లే స్లెడ్జే పడుతుందని ముఖ్యమైన సామాన్లన్నీ వెనకదానిలో పెట్టారు వాళ్లు. తిరుగుదారిలో మెర్ట్జ్ కూడా చనిపోయాడు. మాసన్ ఒక్కడే 1913 ఫిబ్రవరిలో స్థావరం చేరాడు. అందుకే తిండి, స్టవ్, ఇంధనం, గుడారం, రేడియో ప్రతి బండిలో కొంత కొంత ఉండేలా సర్దండి. బయలుదేరే ముందు రోజు సామాను సర్దినప్పుడు, "ఈ బండి పోతే మిగతావాళ్లు బతుకుతారా?" అని ఒక్కో బండినీ చూపిస్తూ పైకే అడగండి. నా దృష్టిలో మొత్తం తయారీలో ఇంతకంటే విలువైన పది నిమిషాలు లేవు.

ఇక గాలి. పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట తీరానికి దూకుతుంది. వీటినే కటబాటిక్ గాలులు అంటారు. లోయల్లో ఇరుకైనకొద్దీ వేగం పెరుగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా నిమిషాల్లో మొదలవుతాయి కాబట్టి నీలం ఆకాశాన్ని నమ్ముకోవద్దు. లోయ నోటికి ఎదురుగా గుడారం వేయకండి. మైనస్ 20 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 35 లాగా తగులుతుంది. పది నుంచి ముప్పై నిమిషాల్లో తెరిచి ఉన్న చర్మం గడ్డకట్టవచ్చు. ఎవరి ముఖం వాళ్లకు కనిపించదు. జంటగా ఉండి, తరచూ ఒకరి బుగ్గలు, ముక్కు కొన ఒకరు చూసుకోండి. మైనం లాంటి తెల్లమచ్చ కనిపిస్తే రుద్దకండి. గాలికి చాటుకు తీసుకెళ్లి అరచేతితో కప్పి వెచ్చబెట్టండి.

మబ్బు కమ్మితే నీడలు పోయి, నేలా ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోతాయి. దీన్నే వైట్‌అవుట్ అంటారు. ఎదురుగా ఉన్న వాలు కూడా తెలియదు. అలాంటప్పుడు కదలొద్దు, అంతే.

దక్షిణ ధ్రువానికి వెళ్లేవాళ్లు ఎత్తును మరిచిపోతుంటారు. అది 2,835 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పీడనం తక్కువ కాబట్టి ఒంటికి 3 వేల మీటర్లు దాటినట్టే ఉంటుంది. తీరంలోని అమెరికా స్థావరం మెక్‌మర్డో నుంచి విమానంలో సుమారు మూడు గంటల్లోనే చేరిపోతారు. ఒళ్లు అలవాటు పడేంత టైమ్ ఉండదు. మొదటి రెండు మూడు రోజులు బరువులు ఎత్తకండి. గాలి ఎడారిలా పొడిగా ఉంటుంది కాబట్టి దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. నల్ల కళ్లద్దాలు మబ్బు రోజున కూడా తీయొద్దు. మంచు మీద ఎండ తిరిగి కళ్లలోకే కొడుతుంది. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది.

చివరగా సముద్రం మీది మంచు. సెప్టెంబర్‌లో ఇది సుమారు 1.8 కోట్ల చదరపు కిలోమీటర్ల మేర, అంటే ఖండం కంటే పెద్దగా పరుచుకుంటుంది. ఫిబ్రవరికి 30 లక్షలు లేదా ఇంకా తక్కువకు పడిపోతుంది. అంటే మీరు పనిచేసే నెలల్లోనే అది విరిగిపోతూ ఉంటుంది. 1916 మే 8న షాకిల్టన్ యాత్రకు చెందిన మ్యాకింతోష్, హేవార్డ్ అనే ఇద్దరు, తోటివాళ్లు వద్దంటున్నా కొత్తగా గడ్డకట్టిన మంచు మీద బయలుదేరారు. తుపాను వచ్చింది. తర్వాత వెళ్లి చూసినవాళ్లకు విరిగిన అంచు దాకా అడుగుజాడలు మాత్రమే కనిపించాయి. వెనక ఆగిన ముగ్గురు మంచు గట్టిపడేదాకా, జులై వరకు ఎదురుచూసి క్షేమంగా దాటారు. వెళ్లేటప్పుడు పగులు కనిపిస్తే రెండు వైపులా డ్రిల్ చేసి మందం కొలవండి. పొద్దున దాటిన పగులునైనా తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కొలవండి. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు బలంగా వీస్తుంటే ఆ రోజు మంచు మీదికి దిగొద్దు.