రక్తం ఏడ్చిన ఇంకా రాజు మీద నోట్సు ఎలా రాసుకోవాలి

ఇంటర్ పిల్లలకి చరిత్ర చెబుతాను. మొదటిసారి దక్షిణ అమెరికా ఇంకా రాజుల్లో ఒకడైన యావర్ వాకాక్ మీద నోట్సు రాసినప్పుడు దొరికిన కథలన్నీ కలిపి ఒక్క ముద్ద చేసేశాను. ముందు బెంచీ అమ్మాయి లేచి, "సార్, దండెత్తి వచ్చిన చంకా జాతివాళ్లని తరిమింది ఈయన కొడుకా, మనవడా?" అంది. రెండు పేజీల్లో రెండు జవాబులు రాసి ఉన్నాయి నా నోట్సులో.

అందుకని ముందు కాగితాన్ని నిలువుగా మడవండి. ఇంకాలకి లిపి లేదు, ఉన్నది కిపులనే ముడుల తాళ్లు. రాజుల కథలు స్పెయిన్ వాళ్లు వచ్చాక నోటిమాటగా విని రాసినవే. కాబట్టి కథకంటే ముందు, చెప్పిందెవరో రాయండి.

ఎడమ పక్క స్పెయిన్ రచయిత సర్మియెంటో, 1572. స్పెయిన్ తరఫున పెరూని పాలించిన వైస్రాయ్ టొలేడో రాయించిన చరిత్ర ఇది. ఇంకాలు దౌర్జన్యంగా రాజ్యమేలారని చూపడం వైస్రాయ్ అవసరం. అది మనసులో పెట్టుకునే చదవాలి, కానీ కథ మాత్రం రసవత్తరం. యావర్ వాకాక్ తల్లి పేరు మామా మికాయ్. ఆమెని మొదట ఆయార్మాకాలనే జాతి నాయకుడు టోకాయ్ కాపాక్‌కి ఇస్తామన్నారు. చివరికి "ఇంకా రోకా" అనే రాజుకి ఇచ్చి చేశారు. ఆ పగతో ఆయార్మాకాలు, ఆమె ఎనిమిదేళ్ల కొడుకు యావర్ వాకాక్‌ని ఎత్తుకుపోయారు. చంపబోతే పిల్లాడి కళ్లలోంచి రక్తం కారిందట. టోకాయ్ కాపాక్ జడిసి, లామాలనే పశువుల్ని కాయమని కొండల మీదికి తోలేశాడు. తర్వాత అంటా అనే చోటివాళ్లు విడిపించారు.

కుడి పక్క గార్సిలాసో, 1609. ఇంకాల రాజధాని కుస్కోలో పుట్టినవాడు, తల్లి ఇంకాల వంశస్థురాలు. ఈయన కథలో ఎత్తుకుపోవడం లేదు. రక్తం కన్నీళ్లు చిన్ననాటి అపశకునం, రాజు పిరికివాడు. పశువుల్ని కాయడానికి వెళ్లింది కొడుకు! చంకాలు వస్తుంటే తండ్రి కుస్కో వదిలి వెళ్తాడు, కొడుకు విరకోచ గెలుస్తాడు. సర్మియెంటోలో ఆ గెలుపు మనవడు పచకుటిది. నేను తప్పులో కాలేసింది సరిగ్గా ఇక్కడే, కాపరి కుర్రాడు రెండు పక్కలా ఉన్నాడని.

అడుగున అడ్డగీత కొట్టి, ఇద్దరూ ఒప్పుకున్నవే రాయండి: తండ్రి ఇంకా రోకా, కొడుకు విరకోచ, చిన్నప్పటి రక్తం కన్నీళ్లు. పేరుకి అర్థం కూడా అదే. ఇంకాల భాష కెచువాలో యావర్ అంటే రక్తం. ఏలిన సంవత్సరాలు వేయకండి, వరసలో ఏడోవాడు అంటే చాలు.

"ఇంకా ఇంకా" అని పిల్లలు నవ్వుతారు. ఒక్క నిమిషం నవ్వనిచ్చి, కాగితం మడతపెట్టించండి.