ఆరేళ్ల స్కేల్‌కు దరఖాస్తు: కొత్త టీచర్లు తెలుసుకోవాల్సినవి

ఏఏఎస్ అంటే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీం, ప్రమోషన్ రాకుండా ఒకే పోస్టులో ఏళ్లు నిండితే జీతం స్కేల్ పెంచే పథకం. అందులో మొదటిదే ఆరేళ్ల స్కేల్. పేరులో ఆటోమేటిక్ అని ఉన్నా, అడగనిదే అది మన జీతంలోకి రాదు. నా ఆరేళ్ల స్కేల్ పద్నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. దరఖాస్తు పెట్టాలని స్టాఫ్‌రూంలో ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. డీఎస్సీలో కొత్తగా వచ్చిన చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఆ నష్టం రాకూడదని ఇది రాస్తున్నాను.

ప్రమోషన్ లేకుండా ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్లు (ఆంధ్రప్రదేశ్ 2022 పీఆర్సీలో 30 ఏళ్లు కూడా) పూర్తయినప్పుడల్లా జీతం ఒక మెట్టు పెరుగుతుంది. పీఆర్సీ అంటే వేతన సవరణ. ఆ పీఆర్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) స్కేల్ 32,670 దగ్గర మొదలై 1,01,970 దాకా వెళ్తుంది. అదే బడిలో పక్క గదిలో అవే పాఠాలు చెప్పే సీనియర్‌కూ మనకూ మధ్య ఉన్న దూరం అంతా సర్వీసుదే. సీనియర్ల అనుభవానికి విలువ ఇవ్వాల్సిందే. అయితే ఆ సర్వీసు లెక్కలో మనకు దక్కే మొదటి మెట్టు కూడా సకాలంలో అందాలి కదా!

ఆరేళ్ల స్కేల్‌కు పరీక్షలు, అదనపు అర్హతలు అక్కర్లేదు. పన్నెండేళ్ల దానికి మాత్రం ప్రమోషన్ పోస్టుకు కావాల్సిన అర్హతలుండాలి. అంటే ఎస్జీటీకి డిగ్రీ, బీఈడీ. స్కూల్ అసిస్టెంట్‌కు శాఖాపరమైన పరీక్షలు. వాటికి ఇప్పటి నుంచే సిద్ధం కండి.

ముందు తేదీ చూసుకోండి. 2018 జూలై 12న చేరినవారికి 2024 జూలై 11తో ఆరేళ్లు నిండుతాయి, స్కేల్ 12 నుంచి వర్తిస్తుంది. రెగ్యులర్ సర్వీసే లెక్క. విద్యా వలంటీరుగా చేసిన కాలం కలవదు. ఇంక్రిమెంటుకు లెక్కలోకి రాని జీతం లేని సెలవులుంటే తేదీ ఆ మేరకు ఆలస్యమవుతుంది.

దరఖాస్తు మీ డీడీఓ, అంటే మీ జీతం బిల్లు పెట్టే అధికారి పేరున రాయాలి. ప్రాథమిక పాఠశాలల వారు ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో, హైస్కూలు వారు గెజిటెడ్ హెడ్మాస్టర్‌కు ఇస్తారు. నియామక ఉత్తర్వు, చేరిన తేదీ, సెలవుల వివరాలు, శాఖాపరమైన చర్యలేవీ పెండింగ్‌లో లేవన్న ధ్రువీకరణ, తాజా పే స్లిప్ జతచేయండి.

అసలు కిటుకు సర్వీసు రిజిస్టర్‌లో ఉంది. దరఖాస్తు ఇచ్చే ముందు ఆ రిజిస్టర్ (ఎస్సార్) తీసి ఒక్కో పేజీ మీరే చదవండి. మా బడిలో ఒకమ్మాయి ఎస్సార్‌లో మూడో ఏడాది ఇంక్రిమెంటు నమోదైంది, కింద సంతకం లేదు. ఆ ఒక్క సంతకానికి ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది. టెన్షన్‌తో ఆ పిల్ల సెలవు పెట్టుకుని మరీ ఆఫీసు చుట్టూ తిరిగింది.

ఇంకో చోట కూడా చాలామంది నష్టపోతున్నారు. ఏడాది ఇంక్రిమెంటు మనం చేరిన నెల మొదటి తేదీన వస్తుంది, స్కేల్ అదే నెలలో ఆరేళ్లు నిండిన మర్నాడు. పై ఉదాహరణలో ముందు జూలై 1 ఇంక్రిమెంటు కలిపి, దాని మీద 12 నుంచి స్కేల్ తాలూకు ఇంకో ఇంక్రిమెంటు కలపాలి. రెండూ కనిపిస్తున్నాయో లేదో వేతన స్థిరీకరణ పత్రంలో చూసుకోండి. బేసిక్ పెరిగితే డీఏ (కరువు భత్యం), హెచ్చార్ఏ (ఇంటి అద్దె భత్యం) కూడా పెరుగుతాయి. సీపీఎస్‌లో (కంట్రిబ్యూటరీ పింఛను పథకంలో) ఉన్నవారికి పింఛను ఖాతాలో జమ కూడా పెరుగుతుంది.

ఉత్తర్వు వచ్చాక ఎస్సార్‌లో నమోదు చేయించాలి. ఆపైన ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ (ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్) ద్వారా బకాయి బిల్లు వెళ్తుంది.

సంఘాల పెద్దలకు ఒక మనవి. యూటీఎఫ్, ఎస్టీయూ, పీఆర్టీయూ, ఏదైనా సరే, సభ్యత్వ రసీదు రాసేటప్పుడే ఆ టీచర్ చేరిన తేదీ కూడా రాసుకోండి. ఆరేళ్లు నిండే నెలలో ఒక్క ఫోన్ చేస్తే చాలు. పీఆర్సీ కోసం ధర్నాకు పిలిస్తే ముందు వరసలో కూర్చునేది ఈ పిల్లలే.

దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండో దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు.