మెట్రో మెట్లు దిగాక ఇల్లు చేరడం ఎలా: కాలనీ సంఘాలకు కొన్ని సూచనలు

ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది నాచారంలో. మాకు దగ్గరి మెట్రో స్టేషన్ హబ్సిగూడ. హైదరాబాద్‌లో 2017 నవంబరులో మొదలైన మెట్రోకు ఇప్పుడు మూడు మార్గాలు, 57 స్టేషన్లు ఉన్నాయి. అయినా మా వైపు ఎంతోమంది పొద్దున్నే బండి బయటికి తీస్తున్నారంటే లోపం రైలులో లేదు. ఇంటికీ స్టేషన్‌కూ మధ్యనున్న రెండు మూడు కిలోమీటర్లలో ఉంది. దాన్ని బాగుచేయించుకోవాలంటే “తగిన సౌకర్యం కల్పించగలరు” అని రాసి లాభం లేదు. ఏ అధికారి చేతిలో ఏ పని ఉందో ఆ పనే అడగాలి.

ముందు ఒక టేపు పట్టుకుని స్టేషన్ మెట్ల నుంచి మీ కాలనీ దాకా నడవండి. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం నివాస ప్రాంతాల్లో ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మీరు చూసేది వేరుగా ఉంటుంది. మెట్లు దిగగానే వరసగా బైకులు, వాటి పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఆ తర్వాత కాలువ మీద విరిగిన పలక. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఆ పలక దగ్గర రోడ్డు మీదికి దిగుతుంది, వెనక నుంచి బస్సు వస్తుంది. అలాంటి చోటల్లా ఫొటో తీసి, వెడల్పు కొలిచి, దగ్గర్లోని దుకాణం పేరుతో సహా రాసుకోండి. రాత్రి ఎనిమిది తర్వాత మరోసారి నడవండి. వెలగని దీపాల స్తంభాల మీద నంబర్లుంటే అవీ రాసుకోండి.

తోపుడు బండ్లను తీసేయమని మాత్రం అడగవద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వారిని ఖాళీ చేయించకూడదు. పైగా రాత్రిపూట మిర్చిబజ్జీల బండి ఉన్న చోట ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు. బండ్లు ఒక వరసలో ఉండి దారి వదిలితే చాలు.

ఇక బస్సు. నాకు బాగా తెలిసిన సంగతి ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను. “మాకో బస్సు వేయండి” అంటే డిపో మేనేజర్ ఏం చేయలేరు, లెక్క చూపించాలి. దూరం మూడు కిలోమీటర్లనుకోండి. రద్దీ వేళ పోనూ రానూ 30 నిమిషాలు, రెండు చివర్లా ఆగేందుకు కలిపి 6 నిమిషాలు, మొత్తం 36. పన్నెండు నిమిషాలకో బస్సు రావాలంటే మూడు బస్సులు కావాలి. ఒకటే ఇస్తే 36 నిమిషాలకోసారి వస్తుంది, దానికోసం ఎవరూ నిలబడరు, ఆక్యుపెన్సీ, అంటే సీట్లు నిండే శాతం, పడిపోయి రూటు రద్దవుతుంది. అందుకే రోజంతా ఒక బస్సు కన్నా, ఉదయం మూడు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు మూడు బస్సులు అడగడం మంచిది. రూటును ఊరంతా తిప్పమనవద్దు. ప్రతి మలుపూ రన్నింగ్ టైమును పెంచుతుంది.

ఉదయం జనం విడివిడిగా వస్తారు, సాయంత్రం రైలు దిగి గుంపుగా వస్తారు. కాబట్టి సాయంత్రం బస్సు ఆగే చోటు మెట్ల మీద నుంచే కనిపించాలి. షేర్ ఆటోలు మెట్ల ముందే గుమికూడితే బస్సుకు చోటుండదు. ఆటో డ్రైవర్లతో ముందుగా మీరే కూర్చుని మాట్లాడండి. ఏ వేళకు ఎటు గిరాకీ ఉంటుందో వారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. బస్టాపు దాటాక వారికో స్టాండు గుర్తించమని ట్రాఫిక్ పోలీసులను కలిసి అడగండి. బస్సు వస్తే తమ కడుపు కొడుతుందని వారు భయపడతారు. బస్సు వెళ్లలేని సందులు వారివేనని ముందే మాట ఇవ్వండి.

వినతిపత్రం ఒక్కో కార్యాలయానికి ఒక్కో పేజీ చాలు. ఫుట్‌పాత్, దీపాలు నగరపాలక సంస్థకు, బస్సు ఆర్టీసీకి, ఆటో స్టాండు, అడ్డదిడ్డపు పార్కింగ్ ట్రాఫిక్ పోలీసులకు, స్టేషన్ ఆవరణ మెట్రో సంస్థకు. కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో రైలు విధానం స్టేషన్ల చుట్టూ ఐదు కిలోమీటర్ల పరిధిలో ఫీడర్ సేవలు (జనాన్ని స్టేషన్‌కు చేర్చే బస్సుల వంటివి), నడక దారుల మీద దృష్టి పెట్టాలంటోంది; ఆ మాట ప్రతి కాగితంలోనూ రాయండి. రసీదు తప్పక తీసుకోండి. కదలిక లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుందో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

బస్సు వచ్చాక అసలు పని మొదలవుతుంది. మొదటి మూడు నెలలూ కాలనీ వాళ్లు దాన్నే ఎక్కాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కదా అని కొందరు అక్కచెల్లెళ్లు టికెట్ అడగకుండా కూర్చుంటారు. డబ్బు లేకుండా కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ తప్పనిసరిగా తీసుకోండి. డిపోలో రూటు లెక్క చూసేటప్పుడు మీరు ఎక్కారనడానికి ఆధారం ఆ టికెట్టే. రాని ట్రిప్పుల తేదీ, వేళ రాసుకుని, వారానికోసారి డిపోకు పంపుతూ ఉండండి.