పేటెంట్లు బోలెడున్న టెక్ షేరు ఒక్కరోజులో ఎందుకు కూలుతుంది?

సమస్య: రాయల్టీలు (టెక్నాలజీ వాడుకున్నందుకు ఇతర కంపెనీలు చెల్లించే సొమ్ము) ఏటా పెరుగుతున్నాయి, అప్పు పెద్దగా లేదు, పేటెంట్ల జాబితా చాంతాడంత ఉంది. అయినా పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) తోటి కంపెనీల కంటే తక్కువ. లేదా ఒకే ఒక్క ప్రకటనతో షేరు సగానికి పైగా పడిపోయింది.

ముందు చూడాల్సింది: వార్షిక నివేదికలో సెగ్మెంట్ల నోటు, అంటే వ్యాపార విభాగాల వారీ వివరాలిచ్చే భాగం. ఆదాయంలో 10 శాతం, ఆపైన ఇచ్చే కస్టమర్ ఉంటే ఆ సంగతి అక్కడ చెప్పి తీరాలి. అమెరికా నిబంధనలైనా, అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 8 అయినా అంతే. పేరు చెప్పకుండా ‘కస్టమర్ ఎ’ అనొచ్చు గానీ అంకె దాచడానికి వీల్లేదు. రెండు నిమిషాల పని. ఇది చూడకుండా పేటెంట్లు లెక్కపెడుతూ కూర్చునేవాళ్లే ఎక్కువ, అదే నా బాధ.

అసలు కారణం: పెద్ద భాగస్వామి, అంటే ఆ పెద్ద కస్టమరే, ఆ టెక్నాలజీని సొంతంగా తయారుచేసుకోవడం. ‘పేటెంట్ మనదేగా, ఎక్కడికి పోతారు?’ అనుకోవడంలోనే దెబ్బ తింటారు. పేటెంట్‌తో మన పద్ధతిని ఇతరులు వాడకుండా ఆపొచ్చు. మన దగ్గరే కొనాలని మాత్రం ఎవర్నీ బలవంతపెట్టలేం.

బ్రిటన్‌కు చెందిన ఇమాజినేషన్ టెక్నాలజీస్‌నే చూడండి. అప్పట్లో ఐఫోన్ గ్రాఫిక్స్ చిప్ డిజైన్ వాళ్లదే. 2016 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిలో సుమారు 12 కోట్ల పౌండ్ల ఆదాయంలో సగం యాపిల్‌దే. 2017 ఏప్రిల్‌లో, మరో 15 నెలల నుంచి రెండేళ్లలో మీ డిజైన్ వాడటం ఆపేస్తామని యాపిల్ చెప్పింది. మా హక్కులు ఉల్లంఘించకుండా సొంత డిజైన్ చేసుకోవడం కుదరదని కంపెనీ వాదించింది. షేరు ఆ రోజే 60 శాతానికి పైగా పడింది. అదే ఏడాది కంపెనీ 55 కోట్ల పౌండ్లకు అమ్ముడైపోయింది. 2020లో యాపిల్ మళ్లీ లైసెన్స్ తీసుకుంది. అంటే ఆ టెక్నాలజీకి విలువ పోలేదు. కానీ అప్పటికి పాత వాటాదారులు షేరుకు 182 పెన్స్ చొప్పున తీసుకుని వెళ్లిపోయారు. హక్కు నిలబడేదాకా వాటాదారు నిలబడలేకపోతే ఆ హక్కు అతనికి అక్కరకు రాదు.

జాడలు ముందే కనిపిస్తాయి. భాగస్వామి అదే విభాగంలో ఇంజనీర్లను తీసుకుంటాడు. కంపెనీని కొనే చర్చలు జరిపి వెనక్కి తగ్గుతాడు. యాపిల్ 2016 మార్చిలో చేసిందదే.

పరిష్కారం: ఆ కస్టమర్ ఇచ్చే ఆదాయాన్ని సున్నా చేసి లెక్క మళ్లీ వేయండి. చేతిలోని నగదు రెండేళ్ల జీతాలకు, పరిశోధన ఖర్చుకు సరిపోతుందా? మిగిలిన వ్యాపారానికి ఎంత ధర పెడతారు? ఆ ధరకూ మార్కెట్ ధరకూ ఉన్న తేడా అంతా ఒకే ఒప్పందం మీద మీరు కాస్తున్న పందెం. ఆ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో రిస్కుల భాగంలో వెతకండి. తేదీ దొరక్కపోతే కొద్ది షేర్లతోనే సరిపెట్టుకోండి.

ఒక ఏడాది రాయల్టీ హఠాత్తుగా ఎగిస్తే, పాత బకాయిలు ఒక్కసారిగా వచ్చాయేమో చూసి తీసేయండి. పేటెంట్ గడువు గురించి అంత బెంగ వద్దు. దరఖాస్తు నుంచి 20 ఏళ్లు, ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుస్తుంది. కోర్టు పేటెంట్లన్నిటినీ ఒకేసారి కొట్టేయడం మరీ అరుదు.