ఇంటి దగ్గరే ల్యాప్‌టాప్ రిపేరు – 4వ భాగం: పోతున్న హార్డ్ డిస్క్‌ని మార్చడం

పోయిన భాగం చివర మీకో పని చెప్పాను. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఫ్యాన్ ఆపి, ల్యాప్‌టాప్ ఆన్ చేసి, అరచెయ్యి ఆనించే చోట చెవి పెట్టి వినమన్నాను. సన్నటి హోరు మాత్రమే వినిపిస్తే డిస్క్ తిరుగుతోందని అర్థం. టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుని, కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంటే మాత్రం వెంటనే ఆపెయ్యండి. లోపల డేటా చదివే సన్నటి ముల్లు, అంటే హెడ్, తన చోటు దొరక్క వెనక్కీ ముందుకీ కొట్టుకుంటోంది. అందులో పోగొట్టుకోలేనివి ఉంటే ఈ పాఠం ఇక్కడితో ఆపి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పి చూడడం లాంటి సలహాలు ఎవరిచ్చినా వినకండి. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన కంటికి ఆనని దుమ్ము కూడా దానికి బండరాయే.

ఈ భాగంలో మనం పట్టుకునేది రెండో రకం: ఆన్ అవుతుంది, విండోస్ పది నిమిషాలకి వస్తుంది, ఏ ఫోల్డర్ తెరిచినా బిగుసుకుపోతుంది.

ఎందుకు బిగుసుకుంటుందో గుంటూరు వాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. బ్రాడీపేటలో అడ్రస్ ‘4/7’ అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. డిస్క్ మీద కూడా అంతే, ట్రాక్ అంటే లైను, సెక్టార్ అంటే ఆ లైన్లో ఇల్లు. అడ్రస్ కాగితం మీద సరిగ్గానే ఉంది, ఇల్లు కూలిపోయింది. హెడ్ వెళ్లి తలుపు కొడుతుంది, పలకదు. మళ్లీ కొడుతుంది. అది కొట్టినంతసేపూ మీ స్క్రీన్ కదలదు. పోయినసారి స్మార్ట్ రిపోర్టులో, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే చిట్టాలో, చూడమన్న నంబర్లు ఇవే: 5 అంటే కూలిన ఇళ్లలో వాళ్లని వేరే చోటికి మార్చిన లెక్క, 197 అంటే కొడుతున్నా పలకని తలుపుల లెక్క. 197 ఎదురుగా సున్నా కాకుండా ఏదైనా ఉండి, రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మకండి.

ఇక్కడ ఒక తప్పు చెప్పాలి, నేను చేసిందే. మా వీధిలో ఒక పెద్దావిడ ల్యాప్‌టాప్ ఇలాగే నెమ్మదించింది. అలవాటు కొద్దీ విండోస్‌తో వచ్చే డిస్క్ రిపేర్ టూల్ చెక్‌డిస్క్ పెట్టి, రాత్రంతా నడవనీ అని వదిలేశాను. అది ప్రతి సెక్టార్‌నీ తడుముతూ, దొరకనివాటిని సరిచేస్తున్నానంటూ డిస్క్ మీద రాస్తూ పోయింది. తెల్లారేసరికి టక్ టక్ మొదలైంది. మనవరాలి మొదటి రెండేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి, తిరిగి రాలేదు. పోతున్న డిస్క్ ఇంక ఎన్ని గంటలు తిరుగుతుందో మనకి తెలియదు. ఉన్న గంటలన్నీ కాపీకే ఖర్చుపెట్టాలి. స్క్రూడ్రైవర్ తర్వాత, రిపేర్ టూల్స్ ఇంకా తర్వాత.

కాబట్టి డిస్క్‌ని ల్యాప్‌టాప్‌లోనే ఉంచి కాపీ చేద్దాం. విండోస్‌ని లేపకండి, అది లేస్తూనే డిస్క్‌ని వందచోట్ల కెలుకుతుంది. ఇంకో కంప్యూటర్‌లో లైనక్స్ మింట్‌ని (విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతో ల్యాప్‌టాప్ ఆన్ చేయండి. డిస్క్‌ని చదవడానికి మాత్రమే తెరిచి, ముందు ప్రాణం లాంటివి లాగండి: లెక్కల ఫైళ్లు, సర్టిఫికెట్లు, ఫొటోలు. సినిమాలు వదిలెయ్యండి. ఏదైనా ఫైల్ దగ్గర ఆగిపోతే దాంతో పోట్లాడకుండా పక్క ఫోల్డర్‌కి వెళ్లండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉన్న మెషిన్ అయితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, మొదలుపెట్టకముందే వెతికి కాగితం మీద రాసుకోండి.

డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్త డిస్క్‌లోకి దింపాలంటే లైనక్స్‌లో నడిచే కాపీ టూల్ డీడీరెస్క్యూ వాడండి. దాని పద్ధతి నాకు చాలా ఇష్టం. పలికే ఇళ్లన్నీ ముందు చుట్టేసి వస్తుంది, పలకనివాటిని గుర్తుపెట్టుకుని చివర్లో మళ్లీ వెళ్లి కొడుతుంది. ఆ గుర్తులన్నీ మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది, కానీ ఆ మ్యాప్ ఫైల్‌ని విడిగా ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటేనే. రెండు డిస్కుల పేర్లు తారుమారైతే కొత్త డిస్క్‌లోని ఖాళీ పాత డిస్క్ మీదికి ఎక్కుతుంది. సైజు, సీరియల్ నంబరు పైకి చదువుకుని, అప్పుడు ఎంటర్ కొట్టండి. ఇక చెక్‌డిస్క్ నడపాలనుకుంటే ఆ కాపీ మీద నడపండి.

కొత్త డిస్క్ కొనేముందు పాతదాని లేబుల్ ఫొటో తీసుకుని షాపుకి వెళ్లండి. హార్డ్ డిస్క్ బదులు 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ని తగిలించే కనెక్టర్ రకం) ఎస్ఎస్‌డీ అడగండి, తిరిగే భాగం ఉండదు, అదే సాకెట్‌లో కూర్చుంటుంది. చాలామంది దెబ్బతినేది సైజు దగ్గర. పాతది 500 జీబీ ఉంటే 480 జీబీ ఎస్ఎస్‌డీలో డిస్క్ మొత్తం కాపీ పట్టదు. ఆ ఇరవై కోసం రాత్రంతా చేసిన పని ఆగిపోతుంది. 500 అని రాసి ఉన్నదే తీసుకోండి. కంప్యూటర్‌లో అది 465 అని కనిపిస్తుంది, షాపువాడు మోసం చేశాడనుకోకండి. కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, విండోస్ 1,024తో కడుతుంది. దాంతోపాటు యూఎస్‌బీ టు సాటా కేబుల్ ఒకటి కొనండి, కాపీ చేసేటప్పుడు కొత్తదాన్ని బయట తగిలించడానికి.

ఇప్పుడు విప్పుదాం. ఎండాకాలంలో అయితే పొద్దున్నే ఆరింటికి కూర్చోండి. మన దగ్గర మే నెల ఉక్కపోతలో చెమట చుక్క బోర్డు మీద పడడానికి ఎంతోసేపు పట్టదు. ఛార్జర్ తీసెయ్యండి. బయటికొచ్చే బ్యాటరీ అయితే తీసి, పవర్ బటన్ 20 సెకన్లు నొక్కిపట్టండి. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, విప్పిన ప్రతి స్క్రూనీ బొమ్మలో దాని చోటనే టేపుతో అంటించండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో పడితే అరచెయ్యి ఆనే చోట బుడిపె లేస్తుంది, లేదా బోర్డుకే గుచ్చుకుంటుంది. స్టార్ స్క్రూడ్రైవర్ మొన కొత్తగా ఉండాలి. అరిగినది స్క్రూ తలని గుండ్రం చేసేస్తుంది. అంచులు విడదియ్యడానికి పాత ఏటీఎం కార్డు చాలు, ఇనుప వస్తువు వద్దు.

ఈ మధ్య మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా బాబాయి ల్యాప్‌టాప్ విప్పాను. మూత లేపగానే ఘాటు ముక్కుకి తగిలి తుమ్ములొచ్చాయి. ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి పొర మెత్తగా పేరుకుని ఉంది. బ్రష్‌తో మెల్లగా, మాస్క్ పెట్టుకుని తుడిచాను. “ఒరేయ్, లెక్కలున్నాయా లేదా, అది చెప్పు ముందు” అని ఆయన పక్కనే నిలబడ్డాడు. ముందురోజే కాపీ అయిపోయింది కాబట్టి చెయ్యి వణకలేదు.

డిస్క్ ఒక చిన్న ఇనుప ఫ్రేములో, అంటే కేడీలో, ఉంటుంది. కేడీ స్క్రూలు తీశాక పైకి పీకకండి. పక్కకి, సాకెట్‌కి ఎదురు దిశలో జరపాలి. మొదట కదలదు. రెండు బొటనవేళ్లతో సమానంగా నెడితే కిర్రుమని అర అంగుళం జరిగి వదులవుతుంది. కొన్ని మోడళ్లలో సాకెట్ బదులు పలచటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, దాన్ని కనెక్టర్ దగ్గర పట్టుకుని తియ్యాలి, కేబుల్ పట్టి లాగితే తెగుతుంది. డిస్క్ చివర రెండు పళ్ల వరసలు కనిపిస్తాయి. పొట్టిది 7 పిన్నుల డేటా, పొడుగుది 15 పిన్నుల పవర్. కొత్తదానికీ అవే. వాటిని వేలితో తాకకండి, పట్టుకునే ముందు కిటికీ ఊచలాంటి ఇనుము ఏదైనా ముట్టుకోండి.

కొత్తదాన్ని కేడీలో అదే వైపు, లేబుల్ అదే దిశలో పెట్టి స్క్రూలు బిగించండి. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్ల మందం, ఎస్ఎస్‌డీ 7 ఉంటే వదులుగా ఆడుతుంది. పెట్టెలో ప్లాస్టిక్ అంచు ఇస్తే అంటించండి. జరిపి నెట్టినప్పుడు పూర్తిగా కూర్చోవాలి, మధ్యలో బిగుసుకుంటే బలం పెట్టకుండా వెనక్కి తీసి దిశ చూసుకోండి.

మూత పూర్తిగా బిగించకముందే ఒకసారి ఆన్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి, వెళ్లండి. కొత్త డిస్క్ పేరు అక్కడ కనిపించాలి. కనిపించకపోతే పదిలో తొమ్మిదిసార్లు కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదని నా అనుభవం. పేరు వచ్చాక మిగతా స్క్రూలు బిగించండి.

పాత డిస్క్‌ని పారెయ్యకండి. తీసిన తేదీ, ఎవరిదో, ఏం దొరకలేదో కాగితం మీద రాసి దానికి అంటించి, కవర్లో పెట్టి అటక మీద ఉంచండి. కాపీలో ఏదో ఫైల్ తెరుచుకోలేదని ఆర్నెల్ల తర్వాత తెలిసినవాళ్లని చూశాను.

వచ్చే భాగానికి 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీ చేసి ఉంచుకోండి. కాపీ కాకుండా కొత్తగా విండోస్ వేసుకోవాలనుకునేవాళ్లకి అది కావాలి. విండోస్‌తోనే వచ్చిన ల్యాప్‌టాప్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుకి కట్టి ఉంటుంది, డిస్క్ మారినందుకు మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, మీ మెషిన్ 11కి సరిపోతుందో లేదో అక్కడే చూద్దాం.