మ్యాప్‌లో మన పక్షులు - 3వ పాఠం: రంగు లేని గడి

కిందటి పాఠంలో, చూసిన పక్షుల జాబితాలు రాసి పంపే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచి, మీ ఊరి చెరువును మ్యాప్‌లో వెతికి పట్టుకున్నారు. ఈసారి పాలపిట్టతో మొదలుపెడదాం. దసరా నాడు అందరం దానికోసమే చూస్తాం, మన తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే.

'ఎక్స్‌ప్లోర్'లో 'స్పీసీస్ మ్యాప్స్' తెరిచి, ఇంగ్లిష్‌లో 'ఇండియన్ రోలర్' అని టైప్ చేయండి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ కనిపించేదాకా మ్యాప్‌ను జూమ్ చేయండి. మ్యాప్ గడులు గడులుగా కనిపిస్తుంది. మరీ దగ్గరికి తెస్తే ఆ గడులు పోయి, ఒక్కో చోటును చూపే పిన్నులు వస్తాయి. గడులు ఉండగానే ఆగండి.

ఊదా రంగు గడిలో పాలపిట్టను చూశామని ఎవరో రాశారు. బూడిద రంగు గడికి మనుషులు వెళ్లారు, పక్షుల జాబితా రాశారు, కానీ అందులో పాలపిట్ట లేదు. అసలు రంగే లేని గడి నుంచి ఒక్క జాబితా కూడా రాలేదు. ఈ చివరి రెండింటినీ కలిపేసి 'అక్కడ పిట్టల్లేవు' అనుకోవడమే అందరూ చేసే పొరపాటు. అమ్రాబాద్ పులుల అభయారణ్యాన్నే చూడండి. లోపలి అడవిలోకి అనుమతి లేకుండా పోలేం. శ్రీశైలం రోడ్డు పక్కన ఆగినంత సులువుగా అక్కడి నుంచి జాబితాలు రావు. రంగు లేనంత మాత్రాన ఆ అడవి ఖాళీ అయిపోదు.

నల్లగొండ దగ్గర మా ఊరి చెరువు గడి కూడా చాలాకాలం అలాగే ఉండేది. ఒకరోజు పొద్దున్నే కట్ట మీద పావుగంట నిలబడ్డాను. తుమ్మకొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి, ఇక్కడ మునిగి అక్కడ తేలే బుడుబుంగలు, తూము దగ్గర లకుముకి. కరెంటు తీగ మీద మట్టిరంగులో ముడుచుకుని కూర్చున్న పిట్ట ఎగరగానే రెక్కల్లో నీలం మెరిసింది. పాలపిట్టే! జాబితా పంపాను. తర్వాత చూస్తే మా గడి బాగా ముదురు ఊదా. సంతోషమే గానీ, దాని లెక్క తెలుసుకోవాలి. ముదురు రంగు పిట్టల సంఖ్యను చెప్పదు, ఎన్ని జాబితాల్లో ఎన్నింటిలో కనబడిందో చెబుతుంది. ఒకే జాబితా ఉండి అందులో పిట్ట ఉంటే నూటికి నూరే. అందుకే ఒక్కసారి రాసి వదిలేయొద్దు. రేపు ఎవరైనా చెరువు శిఖంలో మట్టి పోస్తూ 'ఇక్కడ ఏముంది?' అంటే, తేదీలతో సహా చూపించడానికి పది జాబితాలు ఉండాలి.

ఈ వారం పని: మీ గడి ఏ రంగులో ఉందో రాసుకుని, మూడు రోజులు పొద్దున పదిహేను నిమిషాల చొప్పున చూడండి. గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని జాబితా పంపేటప్పుడు ఈబర్డ్ యాప్ అడుగుతుంది. కాకి, గోరింకతో సహా అన్నీ రాస్తేనే 'ఎస్' నొక్కండి. ఆ 'ఎస్' ఉంటేనే మీరు రాయని పక్షి కనబడలేదని లెక్కకొస్తుంది. తెలియని పిట్టకు ఊహించి పేరు పెట్టొద్దు. మూడు జాబితాలు దగ్గర పెట్టుకోండి, వలస పక్షులు ఏ నెలలో వస్తాయో చూసే 4వ పాఠంలో వాటితోనే పని.